శిథిలాలకు కర్త ఎవరు?

మొన్న బి.ఏ. తరగతిలో ఒక యుద్ధవార్తను ఇంగ్లీషు నుంచి తెలుగు చేయమన్నాను. 'రిడ్యూస్డ్ టు రబుల్' అన్నచోట దాదాపు అందరూ 'నేలమట్టమయింది' అని రాశారు. ఒక అమ్మాయి మాత్రం 'నేలమట్టం చేశారు' అని రాసింది. తక్కినవాళ్ళు తప్పన్నారు.

ఇంగ్లీషులో వినాశనాన్ని చెప్పే జంటపదాలు అరిగిన నాణాల వంటివి. ఒక మాట రాగానే రెండోది దానంతటదే వస్తుంది. వాటిలో కూలిన ఇళ్ళుంటాయి గాని కూల్చిన చెయ్యి కనపడదు. 'రీక్ హావక్' సంగతే చూడండి. మధ్యయుగాల్లో 'హావక్' అంటే ఇక దోచుకోండని సైన్యానికి వేసే కేక. అనుమతి లేకుండా ఆ కేక వేసినవాడికి 1385లో రెండవ రిచర్డు సైనిక నిబంధనలు శిరచ్ఛేదం విధించాయి. 'రీక్' అంటే మొదట పగ తీర్చుకోవడం. రెండింటికీ మనిషే కర్త. ఈనాడో, ఆ జంటను గాలివానకూ బాంబుకూ ఒకే తీరున వాడుతున్నారు. గాలివాన సరసన కూర్చోగానే బాంబు కూడా ప్రకృతి వైపరీత్యమైపోతుంది గదా!

ఇదంతా రచయితల బద్ధకమేనా? 1946లో ఆర్వెల్ రాజకీయాల ఇంగ్లీషును దుయ్యబడుతూ, రాసేవాడు తన అలవాట్లు దిద్దుకోవాలన్నాడు. ఆయనతో అన్నిటా ఏకీభవించేవాణ్ణి కాను. ఇక్కడ మాత్రం ఆయన రోగాన్ని చక్కగా పట్టాడు, మందు చాలలేదు. చర్చిల్ సలహాదారు చెర్వెల్ ప్రభువు 1942 మార్చి 30న జర్మన్ నగరాలపై బాంబుదాడుల గురించి ఒక పత్రం సమర్పించాడు. చరిత్రలో దాని పేరు 'డీహౌసింగ్' పత్రం. ఇల్లు లేకుండా చేయడమట! ఎవరి ఇల్లు? మధ్యతరగతి ఇళ్ళ చుట్టూ ఖాళీస్థలం ఎక్కువ గనుక బాంబులు వృథా అవుతాయి, కాబట్టి కార్మికుల ఇళ్ళే గురి కావాలన్నది అందులోని తర్కమని సి.పి. స్నో 1960లో హార్వర్డ్ ఉపన్యాసాల్లో బయటపెట్టాడు. అటువంటి మాట బద్ధకంలో పుట్టదు. లెక్కలు వేసుకున్నవాళ్ళకు అవసరమై పుడుతుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇంటింటా వినిపించిన 'కొలాటరల్ డామేజి' దాని తోబుట్టువే.

మన పత్రికలు తక్కువ తినలేదు. 'బీభత్సం సృష్టించింది' అంటాయి. అలంకారశాస్త్రంలో బీభత్సం ఒక రసం, దాని స్థాయి జుగుప్స. అంటే ఇల్లు పోయినవాడిని వదిలి, చూసేవాడి ఏవగింపును చెబుతున్నామన్నమాట. తెలుగులో ఇందుకు విరుగుడు లేకపోలేదు. 'కూలాయి' వేరు, 'కూల్చారు' వేరు. కర్త పేరు చెప్పకపోయినా ఆ చివరి 'రు'లో మనుషులు నిలబడే ఉంటారు.

"మూలంలో లేనిది చేర్చావు గదా?" అని ఆ అమ్మాయినే అడిగాను.

"వార్తలో లేకపోయినా, వేసినవాళ్ళు ఉన్నారు కదండీ!" అంది.

వెనక బల్లలవాళ్ళు ఒప్పుకోలేదు. గంట కొట్టినా వాదన ఆగలేదు. మార్కులు మాత్రం పూర్తిగా వేశాను.