నిత్యము, వైకల్పికము: చేతిఫోనులలో తెలుగు లిపి

తెలుగు వ్యాకరణము చదివినవారికి నిత్యము, వైకల్పికము అను మాటలు క్రొత్తవి కావు. ఉకారసంధి నిత్యము, 'ఏమి' మొదలగు పదముల ఇకారమునకు సంధి వైకల్పికము. బాలవ్యాకరణమున చిన్నయసూరి పాటించిన ఈ విభాగము వంటిదే నేటి వార్తాయంత్రములకును కలదు. అంతర్జాలపు నియమపత్రములలో ఏ మాట నిర్బంధమును, ఏది సలహాను, ఏది ఇచ్ఛను తెలుపునో 1997లో స్కాట్ బ్రాడ్నర్ కూర్చిన ఆర్.ఎఫ్.సి. 2119 నిర్ణయించినది. వ్యాకరణమున వికల్పమువలన హాని లేదు. 'ఏమంటివి' అన్నను, 'ఏమియంటివి' అన్నను వినువాడు గ్రహించును. యంత్రముల విషయమట్లు కాదు. పంపు యంత్రమెరిగిన లిపి పొందు యంత్రమెరుగనిచో సందేశము చేరియు చేరనిదే యగును.

ఇందుకు సంక్షిప్త సందేశమే నిదర్శనము. ఒక సందేశమునకు గల చోటు 140 బైట్లు. జి.ఎస్.ఎం. ప్రమాణమున రోమను అక్షరములు ప్రధానముగా గల 7 బిట్ల వర్ణమాల ప్రతి ఫోనునకును నిత్యము; ఆ లెక్కన 160 అక్షరములు పట్టును. తెలుగును యూనికోడున పంపినచో ఒక్కొక్క సంకేతమునకు 16 బిట్లు కావలెను. 70 సంకేతములే పట్టును. 'స్త్రీ' చదువరికి ఒక్క అక్షరము. యంత్రమునకు మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘము, వెరసి 6 సంకేతములు. ఈ నష్టమును తగ్గించుటకై తెలుగునకు 7 బిట్ల పట్టికను పిమ్మట చేర్చిరి గాని, దానిని ఐచ్ఛికముగా విడిచిరి. ఎదుటి ఫోనున ఆ పట్టిక ఉన్నదో లేదో తెలియనపుడు దానిని నమ్మి పంపువారెవరు? పొందు శక్తిని వైకల్పికము చేయుట దానిని లేకుండ చేయుటతో సమానము.

ఈ దృష్టితో 2016లో భారత ప్రభుత్వము చేతిఫోనులకు విధించిన ఐ.ఎస్. 16333 మూడవ భాగము పరిశీలింపదగినది. సందేశములను 22 రాజ్యాంగభాషలలోను చదువ వీలుండవలెను. వ్రాయుటకు మాత్రము ఆంగ్లము, హిందీ, మరియొక భారతీయ భాష ఉన్న చాలును. పఠనమును నిత్యము చేయుట యుక్తమే. అయితే అక్షరములు ఉన్నంతమాత్రమున పఠనము సిద్ధింపదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరపు సంకేతక్రమము వచ్చినంతనే ఐఫోనులలోని అనువర్తనములు ఆగిపోయినవి, ఐ.ఓ.ఎస్. 11.2.6తో ఆపిల్ సంస్థ ఆ దోషమును సరిదిద్దినది. కావున నిత్యమన్నదానికి పరీక్షయు నిత్యమై యుండవలెను.

అసలు లోపము లేఖనమునందున్నది. ఆ 'మరియొక భాష' ఎవరి ఎంపిక? ఆనేకల్ తాలూకా కర్ణాటకపు దక్షిణపుటంచున ఉన్నది. అత్తిబెలె దాటినంతనే తమిళనాటి హోసూరు. ఇచ్చట తెలుగు ఇంటిభాష, కన్నడము రాజ్యభాష, తమిళము పొరుగుభాష. రాష్ట్రమునుబట్టి తయారీదారు కన్నడమును చేర్చినచో నియమము నెరవేరును. తెలుగు బాలుడు మాత్రము అమ్మమ్మ పంపిన మాట చదివియు తెలుగున బదులు వ్రాయజాలడు. రోమను లిపియే శరణ్యమగును. బడిలో నేర్చిన గుణింతములకు బడి వెలుపల పని లేకుండ పోవును.

ప్రతి గుణమును నిర్బంధించినచో చౌకఫోను ధర పెరుగునను ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. అందుచేతనే సాధనభేదమును పాటింపవలెను. స్మార్ట్‌ఫోనున మీటలు తెరపై గీయబడు రూపములే. అందు 22 భాషల లేఖనము నిత్యము కాదగును. స్వల్పమైన జ్ఞాపకము, కొలది మీటలు గల ఫోనున పఠనము నిత్యముగను, లేఖనము వైకల్పికముగను ఉండవచ్చును. కాని ఆ వికల్పము కొనువానిది కావలెను, తయారుచేయువానిది కారాదు. సరిహద్దు మండలములలోని తెలుగువారు అంగడిలో ఫోను కొనునపుడు అందు తెలుగు వ్రాయ వీలున్నదా అని అడిగి తెలిసికొనుట కర్తవ్యము. అడుగువారు లేని భాషను ఏ తయారీదారుడును తనంతట తాను చేర్చడు.