ప్రాంప్ట్ వస్తే పని ముగిసినట్టేనా?

జీడీబీ డీబగ్గర్ పరీక్షలు డెజాగ్నూపై, అది డాన్ లిబ్స్ రూపొందించిన ఎక్స్‌పెక్ట్‌పై ఆధారపడతాయి. పద్ధతి సులభం: ఆదేశం పంపడం, ప్రాంప్ట్ కోసం వేచి ఉండడం, జవాబును పోల్చడం. వరుసగా నడిచే ప్రోగ్రాములకు ఇది చాలు.

లోపం ఎక్కడుందో గమనించండి. ప్రాంప్ట్ వస్తే పని ముగిసిందని ఈ పద్ధతి నమ్ముతుంది. కాని ప్రోగ్రామును నేపథ్యంలో నడపమంటే ప్రాంప్ట్ వెంటనే వస్తుంది. థ్రెడ్ బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగిన సమాచారం తరువాతెప్పుడో వస్తుంది. మధ్యలో రెండు సెకన్ల విరామం పెట్టడం పరిష్కారం కాదు. జనగామలోని కొత్త కంప్యూటర్‌పై నెగ్గిన పరీక్ష భూపాలపల్లిలోని పాత కంప్యూటర్‌పై విఫలం కావచ్చు. లేని తప్పు కోసం పదిసార్లు వెతికినవారు పదకొండోసారి నిజమైన తప్పునూ పట్టించుకోరు. అసలు నష్టం ఇదే.

మహబూబాబాద్ స్టేషన్లో టైంటేబుల్ చూసి అడుగు వేయం, బండి ఆగాకే ఎక్కుతాం. జీడీబీలోని ఎంఐ ఇంటర్‌ఫేస్ 'రన్నింగ్', 'స్టాప్డ్' సందేశాలను వేరువేరుగా పంపుతుంది. పరీక్ష రెండోదాని కోసమే ఆగాలి. కాలపరిమితి ఉండాలి, కాని అది పరీక్ష ఎప్పటికీ నిలిచిపోకుండా కాపాడడానికి మాత్రమే. అయితే మనిషి తెరపై చూసేదాన్ని ఎంఐ పరీక్షించదు. కనుక ఎక్స్‌పెక్ట్‌ను పూర్తిగా తోసిపుచ్చలేం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: మీ పరీక్ష దేనికోసం వేచి ఉంది, గడియారం కోసమా, సంఘటన కోసమా?