తడి చెత్త, పొడి చెత్త: చేతులెవరివి?

చెత్త నియమాల మీద సాహిత్య విమర్శ చేసేవాళ్లకేం పని అని అడిగేవాళ్లుంటారు. మా ఇళ్లలో గెజిట్ భాష చదవగలిగిన మొదటి తరం మేమే. అందులో మావాళ్ల గురించి ఏం రాశారో, ఏం రాయకుండా వదిలేశారో చూసుకోవడం మా పనే అనుకుంటున్నాం.

1996లో సుప్రీంకోర్టులో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఒత్తిడితో 2000లో మొదటి నియమాలొచ్చాయి. 2016లో ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఆ పాఠాన్ని తిరగరాశాయి. ఇంటి చెత్తను కుళ్లేది, కుళ్లనిది, ప్రమాదకరమైనది అని మూడుగా విడదీయమన్నాయి. వీధిలో వేయొద్దు, తగలబెట్టొద్దు, పాతిపెట్టొద్దన్నాయి. చెత్త ఏరుకుని బతికేవాళ్లను నిర్వచించి, వ్యవస్థలో కలుపుకోమన్నాయి. ఇది చిన్న విషయమేం కాదు, ఒప్పుకుంటాం.

కానీ ఆ నిర్వచనంలో ఉన్నది 'వ్యక్తి'. ఏ వ్యక్తి? కోస్తాలో రెల్లి, హైదరాబాదులో మెహతర్, చాలాచోట్ల మాదిగ అని మన చదువరికి చెప్పనక్కర్లేదు. నియమానికి మాత్రం తెలియదు. 'వ్యర్థాల ఉత్పత్తిదారు' అనే మాట ఇంకా విచిత్రం. పారేసేవాడు ఉత్పత్తిదారుడట! ఎత్తేవాళ్ల శ్రమకు అంత మాట దక్కలేదు.

ఇంటి దగ్గరే ఎరువు చేయడాన్ని స్థానిక సంస్థలు ప్రోత్సహించాలని కూడా అందులో ఉంది. మంచిదే. ఐతే పల్లెకు పెంటదిబ్బ కొత్తదా? ఆసాముల దొడ్లలో పేడ ఎత్తి, తట్టల్లో మోసి దిబ్బ మీద పోసింది మా అమ్మలు. ఎండాకాలం దాన్ని తవ్వి, బండికెత్తి చేలకు తోలింది మా నాయనలు. దానికి పర్యావరణమని ఎవరూ పేరు పెట్టలేదు, కంపు కొడుతున్నారని మాత్రం అన్నారు. ఇప్పుడు అదే పని డాబా మీద ప్లాస్టిక్ డబ్బాలో చేస్తే పేపర్లో ఫోటో పడుతుంది. (ఆ డబ్బా కలియబెట్టేది చాలా ఇళ్లలో పనిమనిషే. ఫోటోలో ఆమె ఉండదు.)

హైదరాబాదులో 2015లోనే ఆకుపచ్చ, నీలం డబ్బాలు ఇళ్లకు పంచారు. ఇంట్లో విడదీయనిది బండి దగ్గర విడదీయాలి, అక్కడ విడదీసేది చెయ్యే. డైపర్లు, నెలసరి ప్యాడ్లు పొట్లం కట్టి ఇవ్వమన్నారు. కట్టకపోతే అవి అన్నం మెతుకుల్లో కలిసే వస్తాయి. నియమం తప్పిన ఇంటికి జరిమానా వేయమన్నారు. జరిమానా మునిసిపాలిటీకి పోతుంది, డైపరు కార్మికురాలి చేతికొస్తుంది. ఆ చేతికి గ్లవ్సులు ఇవ్వమని నియమం.

ఈ గ్లవ్సుల దగ్గరే ఆగి చూడాలి. మలాన్ని మనుషుల చేత ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం పేరు పెట్టి చెప్పిన చోట్లు మరుగుదొడ్డి, దాని మలం చేరే కాలవ లేదా గుంట, రైలు పట్టాలు. చెత్తకుప్ప లేదు. పైగా కేంద్రం నోటిఫై చేసిన పరికరాలు, రక్షణ తొడుగులతో మలం శుభ్రం చేసేవాళ్లను ఆ చట్టం కింద లెక్కించరాదని ఒక వివరణ. గ్లవ్సు తొడిగితే పని మారదు, పేరు మారుతుంది.

ఐతే అదే నిర్వచనంలో కేంద్రమో రాష్ట్రమో నోటిఫై చేసే 'ఇతర చోట్లు' అన్న మాట కూడా ఉంది. చెత్తబండి, వేరుచేసే షెడ్డు, డంపింగు యార్డు ఆ మాట కిందికి రావాలి. గ్లవ్సుల వివరణను కొట్టేయాలి. మునిసిపల్ కార్మిక సంఘాల డిమాండ్ల పత్రాల్లో జీతాలు, పర్మినెంటుతో పాటు ఈ రెండు వాక్యాలు కూడా చేరాలని మా కోరిక. జవహర్‌నగర్ యార్డు నుంచి మొదలెట్టొచ్చు.