నిగనిగలాడే నలుపు

నలుపు తెలుపు ప్రింటు చేతికిస్తే నేను ముందు బొమ్మ చూడను. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని, మనిషి జుట్టు ఉన్నచోట చూస్తాను. అక్కడ నలుపు తోమిన ఇత్తడిలా తళుక్కుమంటే ఆ ప్రింటు చెడినట్టే. గుళ్లో నల్లరాతి విగ్రహానికి నూనె పట్టించినప్పుడు లోపలి నుంచి నిగనిగలాడుతుంది చూడండి, అలా ఉంటే మాత్రం ఆ ప్రింటు తీసిన చేతికి దండం పెట్టాలి.

ఇంక్‌జెట్‌తో గ్లాసీ కాగితం మీద నలుపు తెలుపు ఫోటో ప్రింటు తీయడం మీట నొక్కితే అయ్యే పని అనుకుంటారు చాలామంది. నా దృష్టిలో ప్రింటింగ్‌లో ఇంతకన్నా గట్టి పరీక్ష లేదు. రంగుల ఫోటోలో ఆకుపచ్చ కాస్త అటూ ఇటూ అయినా చీర అందంలో కలిసిపోతుంది. బూడిద రంగులో అణువంత ఆకుపచ్చ చేరినా కన్ను ఇట్టే పట్టేస్తుంది.

అంత కష్టమైతే మ్యాట్ కాగితం వాడుకోవచ్చుగా అంటారు మ్యాట్ అభిమానులు. వాళ్లతో నాకు ఏళ్ల తగవు ఉంది. మంచి మ్యాట్ కాగితం మీద నలుపు సాంద్రత 1.6, 1.7 దగ్గర ఆగిపోతుంది. మంచి గ్లాసీ మీద 2.3 దాటుతుంది. అంకెల్లో తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అసలు సంగతి ఇది: మ్యాట్ నలుపు తన మీద పడ్డ వెలుగులో నూటికి రెండు పాళ్లు తిప్పి పంపుతుంది. గ్లాసీ నలుపు అర పాలే పంపుతుంది. అమావాస్య రాత్రికీ, వీధి దీపం వెలిగిన రాత్రికీ ఉన్న తేడా అది. డార్క్‌రూమ్‌లో బెరైటా (బేరియం పూత) కాగితం మీద పుట్టిన ప్రింట్ల లోతు కావాలంటే గ్లాసీకే రావాలి.

చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. సంగీతకారుడు గ్రాహం నాష్, మిత్రుడు మాక్ హోల్బర్ట్‌తో కలిసి 1991లో కాలిఫోర్నియాలో నాష్ ఎడిషన్స్ అనే ప్రింటు శాల తెరిచాడు. లక్షా ఇరవై ఆరు వేల డాలర్ల ఐరిస్ ఇంక్‌జెట్ యంత్రం కొని, మందపాటి కాగితం పట్టడానికి దాని భాగాన్ని రంపంతో కోసేశారని చెబుతారు. అక్కడి ప్రింట్లు ఎక్కువగా వాటర్‌కలర్ కాగితం మీద తీసినవి. పిగ్మెంట్ సిరాతో ఇంటి ప్రింటర్లు 2000 నాటికి వచ్చాయి గానీ, వాటి మొదటి తరం బూడిద రంగు గదిలో ఒకలా, ఎండలో పచ్చగా కనిపించేది. మెటామెరిజం అని అందరూ తిట్టుకున్నది దాన్నే. రంగు సిరాలు కలిపి బూడిద రంగు చేయబోతే జరిగేది అదే. 2005లో ఎప్సన్ కె3 సిరాలతో మూడు నలుపులు ఇచ్చింది: ఒకటి చిక్కనిది, ఒకటి పలచనిది, ఒకటి మరీ పలచనిది. అప్పటికి గానీ మామూలు ప్రింటరుకు ఈ పని చేతకాలేదు.

గ్లాసీ పెట్టే తిప్పలు వేరు. డై సిరా కాగితంలోకి ఇంకిపోతుంది. పిగ్మెంట్ సిరా అలా ఇంకదు, రేణువులు పైపూత మీదే కూర్చుంటాయి. వెలుగు ఆ రేణువుల మీద పడి రాగి రంగులో తిరిగొస్తే బ్రాంజింగ్ అంటారు. సిరా పడ్డచోట ఒక మెరుపు, సిరా పడని తెల్లటి ఆకాశంలో ఇంకో మెరుపు వచ్చి, కాగితం అతుకుల బొంతలా కనిపిస్తే గ్లాస్ డిఫరెన్షియల్. పైగా గ్లాసీకి ఫోటో బ్లాక్ అనే రెసిన్ తొడిగిన నలుపే పనికొస్తుంది. మ్యాట్ బ్లాక్ పడితే పైన మసిలా నిలిచి, వేలు తగలగానే చెదిరిపోతుంది.

ఈ చిక్కులన్నిటికీ ఎదురు నిలిచినవాడు జాన్ కోన్. అమెరికాలోని వెర్మాంట్‌లో, ఈస్ట్ టాప్షమ్ అనే పల్లెలో ఆయన ప్రింటు శాల. 2000లో ఆయన తెచ్చిన పైజోగ్రఫీ పద్ధతి ఒక్క మాటలో చెప్పాలంటే: ప్రింటర్లోంచి రంగులన్నీ తీసేయ్, నలుపు ఛాయలే నింపు. తర్వాత కె7 వచ్చింది. కటిక నలుపు నుంచి పొగమంచంత పలచన దాకా ఏడు ఛాయలు! చుక్క పక్కన చుక్క కనపడదు, ఛాయలోంచి ఛాయ జారుతుంది. చెంప మీద వెలుగు చెవి వెనక నీడలోకి వెళ్లే దారిలో ఎక్కడా మెట్టు తగలదు. వీణ మీద గమకం విన్నట్టుంటుంది.

గ్లాసీకి ఆయన చేసిన ఏర్పాటు నాకు మరీ ఇష్టం. ప్రింటర్లోని ఏడు సిరా గదుల్లో ఏడు నలుపులు, ఎనిమిదో గదిలో రంగులేని మెరుగు పూత. ముందు బొమ్మ తీయాలి. ఆరనివ్వాలి. అదే కాగితాన్ని మళ్లీ ప్రింటర్లో పెట్టి, మొత్తం మీద ఆ పూత వేయాలి. రాగి తళుకు పోతుంది, ఆకాశం మెరుపూ జుట్టు మెరుపూ ఒకటవుతాయి. కెనాన్ కూడా 2011లో ప్రో-1 ప్రింటర్లో అలాంటి రంగులేని సిరా పెట్టింది, బాగుంది. కానీ మొదటి ప్రింటు పాడయ్యే భయంతో, రెండోసారి కాగితం లోపలికి వెళ్తుంటే ఊపిరి బిగబట్టి నిలబడే ఆ పనితనానికే నా ఓటు.

రాయ్ హారింగ్టన్ గురించీ పాల్ రోర్క్ గురించీ చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఏ సిరా ఎక్కడ ఎంత పడాలో మనమే నిర్ణయించుకునే క్వాడ్‌టోన్‌రిప్ అనే సాఫ్ట్‌వేర్ రాసి, హారింగ్టన్ యాభై డాలర్లకు ఇచ్చాడు. రోర్క్ కార్బన్ సిరాను ఎంత పలచన చేయాలో, దేనితో కలపాలో లెక్కలన్నీ ఊరికే పంచిపెట్టాడు. కార్బన్ అంటే మరేమిటి, మసే కదా. గంటంతో గీసిన తాటాకు మీద మన పెద్దలు రుద్దింది కూడా అదే. ఆకు చివికింది గానీ అక్షరం వెలిసిపోలేదు. ఆ మసిని సన్నగా నూరేకొద్దీ గోధుమ ఛాయ తిరుగుతుంది. దానికి చిటికెడు నీలం కలిపి చల్లబరచాలా, ఆ వెచ్చదనం ఉంచేయాలా అన్నది ప్రింటు తీసేవాడి రుచి.

హైదరాబాద్‌లో ఒక మిత్రుడు ఈ పని చేస్తుంటే పక్కన కూర్చున్నాను. ముందు నాజిళ్లు చూసుకున్నాడు. ఇరవై ఒక్క మెట్ల బూడిద పట్టీ తీసి, మెట్టు మెట్టుకూ తేడా సమానంగా వచ్చేదాకా సరిచేశాడు. కటిక తెలుపును ఒక్క పిసరు కిందికి దించాడు, ఖాళీ కాగితం మీద కూడా పలచటి సిరా పడేలా. నూలు చేతొడుగులు వేసుకుని, ప్రింటరు చక్రాల పళ్ల గుర్తులు పడ్డాయేమోనని దీపం కింద వెతికాడు. ఒక రోజంతా ఆరబెట్టాడు. తడి పూర్తిగా పోకుండా అద్దం బిగిస్తే లోపల మంచు పట్టినట్టు మసక కమ్ముతుందట. చివరికి పనికొచ్చినవి రెండు ప్రింట్లు.

ఇక మన వీధుల్లో జరిగేది తలచుకుంటే కడుపు మండుతుంది. మా పెద్దమ్మ పెళ్లి ఫోటో, 1960ల నాటిది, ఒక దుకాణంలో ఇచ్చి కాపీ తీయించాం. రీఫిల్ డై సిరా, కట్టలుగా దొరికే 180 జీఎస్ఎం చవక కాగితం, పైన లామినేషన్. తెచ్చిన రోజు తళతళలాడింది. రెండో వేసవికి పెదనాన్న మొహం గులాబీ రంగు తిరిగింది. ‘నలుపు తెలుపే కదండీ, రంగు సిరాలు కలిస్తే వచ్చేస్తుంది’ అన్నాడు ఆ దుకాణదారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. దీన్ దయాళ్ లాంటివాడు నిజాం కొలువులో ఫోటోలు తీసిన హైదరాబాదు మనది. గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద నాటి ప్రింట్ల మెరుపు వందేళ్లు దాటింది. మనం రెండేళ్లకు గులాబీ రంగు తిరిగేదాన్ని ఫోటో అని పిలుస్తూ, పూలదండ వేస్తున్నాం.

ఆ దుకాణదారును ఒక్కణ్ణే అనలేను. పిగ్మెంట్ సిరా, బెరైటా కాగితం అడిగేవాళ్లు లేరు, ఎక్కువ ఇచ్చేవాళ్లు అంతకన్నా లేరు. పెళ్లి ఆల్బమ్‌కు లక్షలు పోసేవాళ్లు, తాతగారి ఫోటోకు నూరు రూపాయలు దాటితే బేరమాడతారు.

పాత ఫోటో ప్రింటుకిచ్చేటప్పుడు సిరా డైయా పిగ్మెంటా అని అడగండి. ఆ బూడిద రంగు నలుపు సిరాలతో చేస్తారా, రంగులు కలిపి చేస్తారా అని అడగండి. చేతికొచ్చాక కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి. అసలు ఫోటోను మాత్రం, ఎంత చిరిగినా, పారేయకండి.