చావని చేపతో కష్టం

మా బాన్సువాడలో అక్వేరియం పెట్టే ప్రతివాడూ మొదటి వారంలోనే కొనే చేప ఒకటుంది. సక్కర్ ఫిష్ అన్నా ఇస్తారు, ట్యాంక్ క్లీనర్ అన్నా ఇస్తారు. వేలెడంత ఉంటుంది, అద్దానికి నోరు అతికించుకొని పాచి గీకుతుంది. దుకాణంలో చెప్పే మాట ఒకటే: “తీస్కపో అన్నా, ఇది సావది.”

చాలావరకు నిజమే. ఎండాకాలం రాత్రి కరెంటు పోయి గాలి మోటారు ఆగితే, తెల్లారేసరికి గోల్డ్‌ఫిష్‌లన్నీ వెల్లకిలా తేలిన తొట్టిలో ఇదొక్కటే రాయి కింద నిమ్మళంగా ఉంటుంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గుక్కెడు గాలి మింగుతుంది. ఆ గాలి నేరుగా పొట్టలోకి పోతుంది. జీర్ణకోశం గోడ పల్చగా ఉండి నిండా రక్తనాళాలు అల్లుకొని ఉంటాయి కాబట్టి ఊపిరితిత్తి పని అదే చేస్తుంది. ఒంటి తడి ఆరకుంటే నీళ్ల బయట గంటలకు గంటలు బతుకుతుంది.

తొట్టి కడిగే రోజు దీన్ని బయటికి తీయడమే ఒక విద్య. వలతో పట్టొద్దు. పక్క రెక్కల ముళ్లు విప్పి బిగించేస్తుంది, దారాల్లో ఇరుక్కుందంటే కత్తెరే గతి. డబ్బాలోకి తోలుకోవాలి, లేదా తడి చేత్తో వెనకనుంచి ఒడిసి పట్టాలి. పట్టగానే కిర్రుమంటుంది. ముల్లు మొదలు దాని గూట్లో ఒరుసుకుంటే వచ్చే చప్పుడది. ఒళ్లంతా ఎముక పలకలే, గరుకు కాగితం మీద చెయ్యేసినట్టుంటుంది. వెలుతురు పడితే కంటిపాప మీదికి చిన్న పొర దిగి, గుండ్రని నలుపు కాస్తా సన్నటి వంపుగా మిగులుతుంది. తడిబట్ట కప్పి బకెట్లో పెడితే నేను ఇసుక కడిగి అద్దాలు తుడిచేదాకా కదలదు. “తాతా, సచ్చిందా?” అని పక్కింటి పిల్లాడు బట్ట లేపితే మళ్లీ కిర్రు.

గాలి పీల్చే చేపలు మనకు కొత్త కాదు. మృగశిర కార్తె నాడు అంగడిలో కొర్రమట్టలు రెండు వేళ్ల లోతు నీళ్లలో ఎగిరెగిరి పడుతుంటాయి. తెలంగాణ రాష్ట్ర చేప కదా, ఆ మాత్రం ఉండాలి! కొర్రమట్టకైతే గాలి తప్పనిసరి. పైకి రానివ్వకుండా ఆపితే నిండు నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మార్పు చేపకు మొప్పల పైన కొమ్మల్లా చీలిన అవయవం ఉంది, ఊపిరి దాంతోనే. ఆ జాతి చేపలు పెంపకం చెరువుల నుంచి తప్పించుకొని 1960ల చివర్లో అమెరికాలోని ఫ్లోరిడాలో రోడ్లు దాటాయి.

సక్కర్ గతి వేరు. చావదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. గాజు గిన్నెలో వేస్తారు, పాచి తింటుందిలే అని మేత వేయరు. పాచి వారంలో అయిపోతుంది. ఆ తర్వాత పొట్ట లోపలికి పీక్కుపోతుంది, కళ్లు గుంటలు పడతాయి. అలాగే నెలల తరబడి ఈడుస్తుంది. అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట చూడండి, అంతా అక్కడే తెలుస్తుంది. రాత్రి లైటు ఆర్పాక కీరదోస ముక్క రాయికి కట్టి దించితే పొద్దుటికి తొక్క మిగులుతుంది.

బాగా చూసుకుంటే ఇంకో చిక్కు. మూరెడు దాకా పెరుగుతుంది. చంపడానికి చేతులు రావు, “పోయి బతకనీ” అని చెరువులో వదులుతారు. పుణ్యమనుకుంటారు! ఎక్కడి దక్షిణ అమెరికా, ఎక్కడి మన చెరువు. మగ చేప గట్టులోకి బొరియ తవ్వి గుడ్లకు కాపలా కాస్తుంది. బొరియలు ఎక్కువైతే గట్టు జారుతుంది. అలుగు పారితే వాగు, వాగు నుంచి మంజీర, కందకుర్తి దగ్గర గోదావరి. తూర్పు కనుమల్లో 60 శాతం నీటి వనరుల్లోకి ఇది చేరిందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తేల్చారు. చేపను పట్టకుండానే నీళ్లలో కలిసిన డీఎన్ఏను బట్టి ఆనవాలు పట్టే పద్ధతి వాళ్లది. జాలర్లు దీన్ని దెయ్యం చేప అంటారు. వలలు చింపుతుంది, అమ్మితే కొనేవాడు లేడు. ఒడ్డున పారేస్తే ముళ్లతో, తోకతో నెట్టుకుంటూ మళ్లీ నీళ్ల దారి పడుతుంది.

అమెజాన్ ఒడ్డున వీటి చుట్టాలను అకారి అంటారు, పెంకుతో సహా నిప్పుల మీద కాల్చుకు తింటారు. మన దగ్గర ఆ రుచి ఎవరికీ అలవాటు కాలేదు. కాబట్టి పెద్దదైతే దుకాణానికే తిరిగివ్వాలి, వాళ్లు వద్దంటే పెద్ద తొట్టి ఉన్నవాళ్లను వెతకాలి. అసలు కొనకముందే ఆలోచిస్తే ఇంకా మేలు. పాచి పట్టేది ఎక్కువ వెలుతురుకి, ఎక్కువ మేతకి. తొట్టిని కిటికీకి దూరం జరిపి, లైటు పగలంతా వెలగకుండా చూసి, వారానికోసారి స్పాంజ్ ముక్కతో అద్దం తుడిస్తే ట్యాంక్ క్లీనర్ అవసరమే లేదు.