పోట్లాడని చేపలు

విశాఖలో ఉప్పునీటి అక్వేరియంలకు చేపలు ఎంచి ఇచ్చే దుకాణదారు చూపు నాకు గొప్పగా అనిపిస్తుంది. నీలంగా మెరిసే డామ్సెల్‌ను పాప అడిగితే, "అది వద్దమ్మా, చిన్నదే గానీ తొట్టంతా నాదే అంటుంది" అని క్లౌన్ చేపల జంట వైపు తిప్పుతాడు. వాటినీ ఊరికే ఇచ్చేయడు. మొప్పలు మరీ వేగంగా ఆడుతున్నాయా, ఒంటి మీద తెల్ల చుక్కలున్నాయా, పొట్ట లోపలికి పోయిందా చూసి, చిటికెడు మేత వేసి, తిన్నాకే పట్టి సంచిలో వేస్తాడు. బెదురు చేప ఫైర్‌ఫిష్‌ను ముందు దించమంటాడు, జాగా కోసం కొట్లాడేవాటిని చివర. ఫైర్‌ఫిష్ ఎగిరి బయటపడుతుంది కాబట్టి తొట్టి మీద వల మూత తప్పదు. బీచ్ రోడ్డు దాటితే సముద్రమే, అయినా ఆ నీళ్లు వాడనివ్వడు. వానల తర్వాత నదుల నీరు కలిసి బంగాళాఖాతంలో ఉప్పదనం తగ్గుతుంది. శుద్ధి చేసిన నీటిలో ఉప్పు కలిపి, లీటరుకు 35 గ్రాముల దగ్గర నిలపమంటాడు. ఇంత ఓపిక వల్లే ఉక్కునగరం క్వార్టర్స్‌లో నైట్ షిఫ్ట్ దిగి వచ్చినవాళ్లు కూడా, తోకలు చిరగని చేపలను చూస్తూ టీ తాగగలుగుతారు. కొత్త చేపకు తొట్టి నీటిని చుక్కచుక్కగా గంటసేపు అలవాటు చేయలేనివాళ్లకు మాత్రం అతను అమ్మడు.