అపలేషియా గేయసంపుటములందలి స్త్రీనామములు

అమెరికా సంయుక్తరాష్ట్రముల తూర్పుభాగమున అపలేషియా యను పర్వతసీమ కలదు. పట్టణవాసుల వ్రాతలందు ఆ సీమ పురుషుడు తుపాకి పట్టిన సోమరిగను, స్త్రీ నోరులేని చాకిరీమనిషిగను గోచరింతురు. 1884లో వెలువడిన ‘టెనెస్సీ పర్వతములలో’ అను కథాసంపుటము ఇట్టి చిత్రమునకు ప్రచారము కల్పించినది. దాని కర్తగా అచ్చయిన చార్లెస్ ఎగ్బర్ట్ క్రాడక్ పురుషుడు కాడు. మేరీ మర్‌ఫ్రీ యను స్త్రీ! కర్తృనామమే మరుగుపడినచోట కథలోని స్త్రీలకు నోరెట్లు వచ్చును?

ఆలివ్ డేమ్ కాంబెల్ విషయము ఇంతకంటె విచారణీయము. ఆంగ్లేయుడగు సెసిల్ షార్ప్ పండితుడు 1916లో ఆ కొండలకు వచ్చుటకు చాల యేండ్లు ముందుగనే ఆమె పాటలను సేకరించుచుండెను. 1917 నాటి సంపుటమున సేకర్తలుగా ఇరువురి పేర్లును కలవు; అందు ఆమె పేరే మొదటిది. షార్ప్ మరణానంతరము మాడ్ కార్పెలీస్ పరిష్కరించిన 1932 నాటి కూర్పున పాటలు 274, వరుసలు 968. అందు సేకర్త షార్ప్ ఒక్కడే. ఆలివ్ 39 వరుసల నొసగిన దాతగా మాత్రమే మిగిలినది. సంఖ్య సరియైనదే కావచ్చును. కాని మార్గదర్శకత్వమును వరుసల లెక్కతో తూచుట న్యాయము కాదు. ఈ పరిష్కర్తయు స్త్రీయే యగుట గమనింపదగినది. 1921లో వెలువడిన ‘దక్షిణ పర్వతవాసి’ని గూర్చిన గ్రంథమును గూడ, 1919లో గతించిన భర్త సామగ్రి నుండి ఆలివ్ సంతరించినది. ముఖపత్రమున కర్తగా భర్త పేరే యున్నది.

అయినను షార్ప్ చేసిన మేలొకటి మరువరానిది. ప్రతి వరుసకును పాడినవారి పేరు, ఊరు, తేది కనబరచినాడు. మన కావ్యములందలి ఆశ్వాసాంతగద్య కవినామమును కాపాడినట్లు, ఈ చిన్నపంక్తి జేన్ జెంట్రీ, మేరీ శాండ్స్ మున్నగు పర్వతస్త్రీలను కాపాడినది. ఉత్తర కరొలైనా వాసియగు జెంట్రీ యొక్కతెయే 70 పాటల వరకు పాడినదట. ఇది లేనిచో అవియన్నియు ‘జానపదుల పాటలు’గా మిగిలి, పాడిన స్త్రీలు పేరులేని మూకలో కలిసిపోయెడివారు. షార్ప్ ఆ పాటలందు ప్రాచీనాంగ్లభూమి శేషములనే వెదకెను. పాడినవారి జీవితమును వెదకలేదు. ఆ కొండలలోని నీగ్రోజాతి గాయనీమణులు ఆయన సంపుటములందు దాదాపు కానరారు.

జీవితము కావలసినవారు ఎమ్మా బెల్ మైల్స్ రచనను చూడవలయును. ఆమె వాల్డెన్స్ రిడ్జ్ అను కొండపై కాపురముండి, లేమి ననుభవించుచు, ‘పర్వతాత్మ’ యను గ్రంథమును 1905లో ప్రకటించెను. కొండపాటలను గూర్చియు షార్ప్ రాకకు పూర్వమే వ్రాసెను. 1919లో ఆమె గతించినది. గ్రంథమును టెనెస్సీ విశ్వవిద్యాలయ ముద్రణాలయము 1975లో మరల అచ్చొత్తించినది.